తుఫాను ముందు విశ్వవిద్యాలయము

2017వ సంవత్సరము ఆగస్టు నెలాఖరున ఒకనాటి ఉదయము మా వీథిలోని గృహిణి యొకామె మా గుమ్మములో నిలిచి, "అన్నయ్యగారూ, అమెరికాలో తుఫానని రాత్రి వార్తల్లో చెప్పారు. మావాడున్న ఊరేనా అది?" అని అడిగినది. ఆమె కుమారుడు అంతకు మూడు వారముల క్రిందటనే పైచదువునకై హ్యూస్టను నగరమునకు పోయియుండెను. "ఆ ఊరే చెల్లెమ్మా" అనక తప్పినది కాదు. అంతట ఆమె రెండవ ప్రశ్న వేసినది. "కాలేజీవాళ్లు పిల్లల్ని చూసుకుంటారా, ఎవరి దారి వాళ్లదేనా?"

రేడియోలో పనిచేయువానికి సమస్త విషయములును తెలిసియుండునని మన ఇరుగుపొరుగుల నమ్మకము. ఆ నమ్మకమును చెడగొట్టనొల్లక మేమును, "పెద్ద విశ్వవిద్యాలయము గదా, చూచుకొనకేమి?" అని ధైర్యము చెప్పి పంపితిమి. ఆమె వెళ్లినది గాని ఆ మాట మాత్రము మమ్ము విడువలేదు. ఏ ఆధారముతో అట్లంటిమి? పిమ్మట కొంత చదివియు, అక్కడ చదువుకొని వచ్చినవారిని కొంత అడిగియు తెలిసికొన్న సంగతులే నేటి ఈ ప్రసంగము. ఆనాడు ఆ తల్లికి చెప్పవలసియుండి చెప్పలేకపోయిన సమాధానముగా దీనిని శ్రోతలు భావింపవచ్చును.

హరికేను అనగా వేఱొక జాతి గాలి కాదు. బంగాళాఖాతములో పుట్టినచో తుఫాను అందుము. పసిఫిక్ మహాసముద్రపు పడమటి భాగమున పుట్టినచో టైఫూను అందురు. అట్లాంటిక్ సముద్రములోను, మెక్సికో సింధుశాఖలోను పుట్టినచో హరికేను అందురు. వెచ్చని సముద్రజలమునుండి లేచు ఆవిరియే వీనికన్నిటికిని ఆహారము. భూమధ్యరేఖకు ఉత్తరమున ఇవి యన్నియు గడియారపు ముల్లునకు ఎదురు దిక్కుగా తిరుగును. సైక్లోను అను పేరు పెట్టినవాడు కలకత్తాలో ఉద్యోగము చేసిన హెన్రీ పిడింగ్టన్. నావికుల కొఱకు తాను రచించిన గ్రంథములో 1848లో ఆ పదమును వాడెను. కావున శాస్త్రములో ఈ రెండు తీరములకును పాత చుట్టరికమే కలదు.

భేదమంతయు కాలములో నున్నది. మనకు వర్షాకాలమునకు ముందొకమాఱు, అది వెనుదిరిగిన పిమ్మట అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు మఱియొకమాఱు తుఫానుల భయము. వారికి జూన్ 1వ తేదీనుండి నవంబరు 30వ తేదీ వఱకు ఒకటే ఋతువు. సెప్టెంబరు 10వ తేదీ ప్రాంతమున దాని ఉద్ధృతి శిఖరము నందును. అక్కడి విద్యాసంవత్సరము ఆగస్టు ద్వితీయార్ధమున ఆరంభమగును. అనగా తల్లిదండ్రులు పిల్లలను, పెట్టెలను హాస్టలు గుమ్మములో దింపి కన్నీళ్లు తుడుచుకొని వెళ్లు వారములును, సముద్రము మిక్కిలి వేడెక్కియుండు వారములును ఒకటే. భోజనశాల ఏ వైపున నున్నదో విద్యార్థికి ఇంకను సరిగా తెలియకమునుపే, ఆ భోజనశాలను మూసివేయుచున్నామన్న ప్రకటన అతనికి చేరవచ్చును.

ఈ సందర్భమున ఒక చిన్న ముచ్చట. హరికేను రాకను ముందుగా కనిపెట్టి ప్రజలకు తెలిపిన మొట్టమొదటి హెచ్చరికలలో ఒకటి విద్యాలయమునుండియే వెలువడినది. క్యూబా దేశపు రాజధానియగు హవానాలో బెలెన్ కళాశాల యని జెసూయిట్ మతగురువులు నడపిన విద్యాలయమొకటి యుండెను. అందలి పరిశీలనాలయమునకు అధిపతియైన ఫాదర్ బెనీతో వీన్యేస్ మేఘముల పోకడను, వాయుభారమును ఏండ్ల తరబడి గమనించి, 1875 సెప్టెంబరులో హరికేను వచ్చుచున్నదని పత్రికలకు ప్రకటించెను. నేడు అట్లాంటిక్ హరికేనులన్నిటికిని పేర్లుపెట్టి, దారి గీచి, హెచ్చరికలిచ్చు అమెరికా జాతీయ హరికేను కేంద్రమున్నది ఎక్కడ? మయామి నగరమున ఫ్లోరిడా అంతర్జాతీయ విశ్వవిద్యాలయపు ఆవరణలో. ఆ విశ్వవిద్యాలయములోనే పండ్రెండు మహాయంత్రపు పంకలను గోడవలె పేర్చి, గంటకు 250 కిలోమీటర్లకు మించిన గాలిని పుట్టించి, ఇండ్ల కప్పులు ఏ గాలికి ఎగురునో పరీక్షించు శాలయు కలదు. గాలిని గూర్చి పాఠము చెప్పువారును గాలి వచ్చినపుడు తలుపులు మూయవలసినవారే గదా!

ఇక ఆ తలుపులు మూయుట యెట్లో చూతము.

హరికేనుల బలమును ఐదు తరగతులుగా లెక్కింతురు. సాఫిర్ అను ఇంజనీరును, సింప్సన్ అను వాతావరణ శాస్త్రజ్ఞుడును కూర్చిన కొలత ఇది. గంటకు 119 కిలోమీటర్ల గాలితో మొదటి తరగతి ఆరంభమగును. 252 కిలోమీటర్లు మొదలు పైనున్నవన్నియు ఐదవ తరగతి. అయితే ఇది గాలిని మాత్రమే కొలుచు బద్ద. సముద్రపు ఉప్పెనను గాని, కురియబోవు వానను గాని ఇది చెప్పదు. ఈ సంగతి విశ్వవిద్యాలయములవారికి చాల ఖరీదుపెట్టి తెలియవలసివచ్చినది. 2001 జూన్ మాసమున అల్లిసన్ అను తుఫాను హ్యూస్టను నగరముమీదికి వచ్చినది. అది హరికేను అను పేరునకైనను నోచుకొనలేదు. మొదటి తరగతికిని దిగువనే. కాని దాని వాన ఆ నగరములోని వైద్యవిద్యా సంస్థల నేలమాళిగలలోనికి ఒక్కరాత్రిలో ప్రవేశించినది. భవనములను కలుపు సొరంగమార్గములే నీటికి కాలువలైనవి. విద్యుత్తు పంచు యంత్రములు నేలమాళిగలలోనే, పరిశోధనకై పెంచు జంతువులు నేలమాళిగలలోనే. వేలకొలది ఎలుకలు, కుందేళ్లు, కోతులు, కుక్కలు మునిగి చచ్చినవి. ఆ జంతువులలో కొన్నింటి వంశక్రమము ఎన్నో ఏండ్ల శ్రమ. డాక్టరు పట్టమునకై నాలుగేండ్లు కష్టపడిన విద్యార్థి ఉదయమున వచ్చి చూచుకొన్నచో మిగిలినది తన నోటు పుస్తకము మాత్రమే.

ఆ దెబ్బతో వారు చేసిన పని మెచ్చదగినది. విద్యుత్పరికరములను పై అంతస్తులకు ఎత్తిరి. సొరంగములకును, భవనద్వారములకును ఓడలలో నుండునట్టి దళసరి జలబంధన తలుపులు బిగించిరి. 2017లో, పైన చెప్పిన హార్వీ హరికేను సమయమున, కొన్ని తావుల 1,500 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసినను ఆ తలుపులు నిలిచినవి. మన కోస్తా జిల్లాలలో ఏడాది పొడవునను కురియు వానకంటె అది అధికమని గుర్తుంచుకొనినచో ఆ తలుపుల విలువ తెలియును.

సన్నాహమనునది తుఫాను పుట్టిన తరువాత ఆరంభమగునది కాదు. వేసవి సెలవులలోనే చెట్ల ఎండుకొమ్మలు నఱికింతురు. కప్పులమీది నీటి తూములను శుభ్రపఱతురు. జనరేటర్లను ఊరక చూచి పోక, భారము మోపి నడిపించి చూతురు. ప్రతి శాఖలోను ఎవరు ఏమి చేయవలయునో వ్రాసిన పుస్తకముండును. గాలి వీచుచున్నంతసేపును ఆవరణలోనే ఉండుటకు ఒక దళము ముందుగనే పేర్లతో ఏర్పడియుండును. పోలీసులు, విద్యుత్తు పనివారు, కొళాయి పనివారు, వంటవారు, జంతుశాల సేవకులు, హాస్టలు వార్డెనులు ఇందులో ఉందురు. వీరు తమ ఇండ్లను, పిల్లలను ముందుగా భద్రపఱచుకొని, మూడు నాలుగు దినములకు చాలు బట్టలతోను, మందులతోను, పఱుపుతోను వచ్చి చేరుదురు. ఆచార్యులవారు లేకున్నను విశ్వవిద్యాలయము నాలుగు దినములు నడచును గాని, కొళాయివాడు లేనిదే ఒక పూటయు గడవదన్న సత్యము ఇట్టి సమయములలోనే బయటపడును.

జాతీయ హరికేను కేంద్రము రెండు విధములైన ప్రకటనలిచ్చును. ప్రమాదము రావచ్చును, కనిపెట్టియుండుడు అను మొదటి ప్రకటన 48 గంటల ముందు. వచ్చుచున్నది అను హెచ్చరిక 36 గంటల ముందు. ఈ గంటలను వారు లెక్కించుట హరికేను కన్ను తీరమును తాకు క్షణమునకు కాదు. గంటకు 63 కిలోమీటర్ల గాలి మొదలగు క్షణమునకు. ఏలయనగా ఆ గాలి వచ్చిన తరువాత నిచ్చెన యెక్కరాదు, కిటికీకి పలక కొట్టరాదు, బస్సు నడుపుటయు ప్రమాదము. ఆరుబయట చేయవలసిన పని యంతయు అంతకు ముందే ముగియవలయును. అందుచేత విశ్వవిద్యాలయమును మూయు నిర్ణయము తఱచుగా ఎండ కాయుచుండగనే వెలువడును. ఆకాశము నిర్మలముగా నుండగా తరగతులు మానిపించి, హాస్టళ్లు ఖాళీచేయించు అధికారిని నలుగురును నవ్వుదురు. తుఫాను దారి మార్చుకొని పోయినచో ఆ నవ్వు మఱింత పెరుగును. మా అభిప్రాయమున ఈ నవ్వును ఓర్చుకొనగల అధికారి దొరకుటయే ఆ సన్నాహములో సగము.

న్యూ ఆర్లియన్సు నగరములోని టులేన్ విశ్వవిద్యాలయమున జరిగినది ఇందుకు నిదర్శనము. 2005 ఆగస్టు 27, శనివారము. ఆనాడు కొత్త విద్యార్థులు హాస్టళ్లలో చేరు దినము. తల్లిదండ్రులు కార్లనుండి పెట్టెలు దింపుచున్నారు. అధ్యక్షుడైన స్కాట్ కోవెన్ వారిని సమావేశపఱచి స్వాగతవచనములతో పాటు విశ్వవిద్యాలయమును మూసివేయుచున్నామని చెప్పవలసివచ్చెను. దింపిన పెట్టెలను గదులలో వదలి అనేకులు ఆ పూటనే తిరిగి కార్లెక్కిరి. వాహనము లేని విద్యార్థులు, దూరదేశములనుండి వచ్చినవారు సుమారు 600 మంది మిగిలిరి. వారిని బస్సులలో ఎక్కించి సుమారు 300 కిలోమీటర్ల దూరముననున్న జాక్సన్ స్టేట్ విశ్వవిద్యాలయమునకు పంపిరి. ఆ ఏర్పాటు అప్పటికప్పుడు ఫోనుమీద బతిమాలి చేసికొన్నది కాదు. ముందుగనే ఒడంబడికయై యున్నది. కొద్ది దినములలో తిరిగి వత్తుమని అందఱును తలంచిరి. సోమవారము కత్రినా హరికేను వచ్చినది. గట్లు తెగినవి. నగరములో నూటికి 80 పాళ్లు నీట మునిగినది. ఆ శరత్కాలపు తరగతులు జరుగనేలేదు. విద్యార్థులు దేశమందలి వందలకొలది కళాశాలలలో చెదరి చదువుకొనిరి. 2006 జనవరిలో గాని విశ్వవిద్యాలయపు ద్వారములు తెఱచుకొనలేదు. అదే నగరములోని డిల్లార్డ్ విశ్వవిద్యాలయము మఱింత దెబ్బతిని, మఱుసటి టరమును ఒక పెద్ద హోటలులో నడుపుకొనవలసివచ్చెను.

టులేన్ గ్రంథాలయమును గూర్చి ఒక మాట చెప్పక ముందునకు పోలేము. మేమును సంగీతపు రికార్డుల నడుమ ఉద్యోగము చేయువారము గనుక అది మమ్ము ప్రత్యేకముగా నొప్పించినది. ఆ గ్రంథాలయపు నేలమాళిగలో సంగీత విభాగమును, ప్రభుత్వ ప్రచురణల విభాగమును ఉండెను. నీరు చొచ్చి దినముల తరబడి నిలిచినది. తడిసిన కాగితము వేడిలో రెండు మూడు దినములలో బూజుపట్టును. కావున అందినవానిని ముందు గడ్డకట్టించి, ఆ పిమ్మట మెల్లగా తేమ తీయుట పద్ధతి. అట్లు కొంత దక్కినది, చాల పోయినది. తరువాత ఆ భవనముపై కొత్తగా రెండు అంతస్తులు కట్టి, నేలమాళిగలోని యంత్రసామగ్రి నంతయు పైకెత్తిరి. మన ఊళ్లలో తాళపత్రములను, పాత పత్రికలను గ్రంథాలయపు అడుగు అరలలో, నేలకు తగులునట్లు పేర్చు అలవాటు కలదు. తుఫానుదాక పోనేల, పగిలిన కొళాయి చాలును.

ప్రయోగశాలలలో ఆ చివరి రెండు దినములలో జరుగు హడావుడి చూడదగినదట. అతిశీతల పెట్టెలలో సున్నకు దిగువ 80 డిగ్రీలలో దాచిన కణజాలములుండును. వాని తలుపు తెఱువవద్దని చీటి అంటింతురు. జనరేటరునుండి విద్యుత్తు వచ్చు సాకెట్లకు వాని తీగెలను మార్చుదురు. ద్రవనైట్రోజను పాత్రలను నిండుగా నింపుదురు. నీరు తగిలిన మండు సోడియము వంటి పదార్థములను ఎత్తైన అరలలో భద్రపఱతురు. గ్యాసు సిలిండర్ల మరలు బిగించి గోడకు గొలుసులతో కట్టుదురు. కంప్యూటర్లను కిటికీలకు దూరముగా, నేలనుండి ఎత్తుగా పెట్టి ప్లాస్టిక్ గుడ్డ కప్పుదురు. జంతుశాలలో మేత, నీరు అధికముగా ఉంచుదురు. లిఫ్టులను పై అంతస్తునకు పంపి ఆపివేయుదురు. అడుగున నుంచినచో నీరు వానిని ముందుగా మింగును. కట్టుబడిలోనున్న భవనముల క్రేనులను మాత్రము బిగింపరు. గాలి ఎటు వీచిన అటు తిరుగునట్లు వదలిపెట్టుదురు. ఎదిరించినది విఱుగును, తిరిగినది నిలుచును.

ఇక్కడ రెండు అపోహలను కూడ తొలగింపవలయును. కిటికీ అద్దములకు అడ్డముగా అంటుపట్టీలు వేసినచో అవి పగులవని చాలకాలము నమ్మిరి. పగులుట ఆగదు, పైగా ముక్కలు పెద్దవై మఱింత ప్రమాదము కలుగును. గాలి ఒత్తిడి సమమగుటకు ఒక కిటికీ తెఱచియుంచవలెనన్న మాటయు అట్టిదే. గాలి లోనికి వచ్చినచో కప్పు ఎగురును. కిటికీలు, లోపలి తలుపులు అన్నియు మూసికొని, కిటికీలు లేని నడవలో కూర్చుండుటయే క్షేమము.

జనరేటర్లను గూర్చియు ఒక సంగతి. 2012 అక్టోబరు 29న సాండీ తుఫాను న్యూయార్కును తాకినపుడు అక్కడి విశ్వవిద్యాలయ వైద్యాలయమొకటి చీకటియైనది. మున్నూఱుమందికి మించిన రోగులను, అందులో ఊపిరికై యంత్రముల నాశ్రయించిన పసికందులను సయితము, నర్సులు చేతులతో ఎత్తుకొని చీకటి మెట్లమీదుగా దింపిరి. పొరుగుననే యున్న బెల్వ్యూ ఆసుపత్రిలో జనరేటర్లు 13వ అంతస్తులో క్షేమముగనే యుండెను. కాని వానికి నూనె నెక్కించు పంపులు నేలమాళిగలో మునిగెను. సైనికులు మెట్లపై బారులుతీరి చేతినుండి చేతికి నూనె అందించుకొనుచు ఆ జనరేటర్లను నడిపించిరి. యంత్రము మేడపైనను, దాని ప్రాణము పాతాళమునను ఉన్నచో ఏమి ప్రయోజనము?

ఇంత చెప్పినను ఆ తల్లి ప్రశ్నకు ఇంకను సమాధానము రాలేదు. పిల్లలను చూచుకొందురా?

హాస్టళ్లలోనున్నవారిని చూచుకొందురు. ఆ మాట నిస్సందేహముగా చెప్పవచ్చును. అమెరికను విద్యార్థులలో అనేకులు తల్లిదండ్రుల యిండ్లకు కార్లలో పోవుదురు. పోలేనివారిని గట్టి భవనమొకదానిలో చేర్చి, పొట్లముల భోజనము, త్రాగునీరు ఏర్పఱతురు. లేదా టులేన్ వారివలె బస్సులలో దూరమునకు పంపుదురు. అయితే మన తెలుగు విద్యార్థులలో ఎందఱో పైపట్టముల కొఱకు పోయినవారు. హాస్టలు ఖరీదెక్కువయని నలుగురైదుగురు కలిసి ఆవరణకు వెలుపల అద్దె వాటాలలో కాపురముందురు. అక్కడ వారు విశ్వవిద్యాలయపు బాధ్యతలో సగము, నగరపు బాధ్యతలో సగము. 2017 ఆగస్టు 28న నాటి విదేశాంగ మంత్రిణి సుష్మా స్వరాజ్, హ్యూస్టను విశ్వవిద్యాలయమునకు చెందిన 200 మంది భారతీయ విద్యార్థులు కంఠమువఱకు లోతు నీటి నడుమ చిక్కుకొన్నారని ప్రకటించిరి. మన కాన్సులేటు వారు ఆహారమునకును, సహాయమునకును పరుగులిడవలసివచ్చెను. మా పొరుగింటి తల్లి గుమ్మములో నిలిచి అడిగిన దినములవే.

అట్లని తుఫానన్నంతనే కారెక్కి పాఱిపోవుటయు అన్నివేళల క్షేమము కాదు. 2005లో కత్రినా జరిగిన మూడు వారములకే రీటా అను హరికేను వచ్చుచున్నదని విని హ్యూస్టను ప్రాంతమునుండి లక్షలమంది ఒక్కసారిగా రోడ్డెక్కిరి. గంటల తరబడి కార్లు కదలలేదు. ఎండకును, ప్రమాదములకును గుఱియై ఆ ప్రయాణములోనే ఎందఱో మరణించిరి. వృద్ధాశ్రమవాసులను తీసికొనిపోవుచున్న బస్సు అంటుకొని 23 మంది చనిపోయిరి. కావుననే హార్వీ సమయమున నగరాధికారులు ఖాళీచేయుడని ఆజ్ఞ ఇయ్యలేదు. అది సరియా కాదా అని నేటికిని వాదింతురు. అక్కడివారు పిల్లలకు నేర్పు సూత్రము మాత్రము సరళమైనది: నీటికి పాఱిపొమ్ము, గాలికి దాగుకొమ్ము. ఫ్లోరిడాలో అందుకే తీరప్రాంతములను ఎ, బి, సి అని అక్షరములతో మండలములుగా విభజించి, ఏ మండలమువారు ముందుగా ఖాళీచేయవలెనో ఏర్పఱచియుందురు. అద్దె యిల్లు వెదకునపుడు మనవారు బస్సు ఎంత దూరము, బియ్యమంగడి ఎంత దూరము అని చూతురు. ఆ అక్షరమేదో అడిగినవారు అరుదు.

మన తీరములో ఇట్టిదే ఒక విశ్వవిద్యాలయముమీదుగా పోయిన తుఫానును మన మందఱము ఎఱుగుదుము. 2014 అక్టోబరు 12, ఆదివారమున హుద్‌హుద్ విశాఖపట్టణమునొద్ద తీరము దాటినది. 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు సముద్రమునకు ఎదురుగా గట్టుమీద నున్నది. వాతావరణ శాఖవారి హెచ్చరికలు దినముల ముందే వచ్చినవి. తీరగ్రామములనుండి లక్షల జనులను తరలించిరి. 1977 నవంబరు 19న దివిసీమలో పదివేలకు పైగా ప్రాణములు పోయిన దారుణము మఱల జరుగలేదు. కాని చెట్లకు హెచ్చరికలు పనిచేయవు. ఆ ఆవరణలోని నీడ ఒక్కపూటలో నేలగూలినది. ఆనాడు మధ్యలో గాలి ఒక్కసారిగా ఆగి, వాన వెలిసి, జనులు వీథులలోనికి వచ్చిరి. అది తుఫాను కన్ను. కన్ను దాటిన తరువాత గాలి ఎదురు దిక్కునుండి అంత బలముగను వీచును. మొదటి గాలికి వ్రేళ్లు కదలిన చెట్టు రెండవ గాలికి పడును. విద్యార్థుల చేతికిచ్చు సూచనలలో మొదటి పుటలో నుండవలసిన సంగతి ఇది: గాలి ఆగినదని బయటికి రావలదు.

అమెరికను విశ్వవిద్యాలయములు విద్యార్థులకిచ్చు సామగ్రి జాబితాలను మేము ఆసక్తితో చదివితిమి. మనిషికి దినమునకు సుమారు నాలుగు లీటర్ల చొప్పున నీరు, వండనక్కఱలేని ఆహారము, టార్చిలైటు, కొవ్వొత్తి వలదు, మందులు, పాస్‌పోర్టును, వీసా పత్రములను, ఐ-20 పత్రమును తడవని సంచిలో పెట్టుట, కొంత చిల్లర నగదు, ఏలయనగా విద్యుత్తు లేనిదే కార్డులు పనిచేయవు. ఆ జాబితాలలో బ్యాటరీ రేడియో తప్పక కనబడును. మా వృత్తిపై అభిమానముచేత చెప్పుట కాదు గాని, ఫోను స్తంభములు పడి, అంతర్జాలము తెగినపుడు గోడకవతల ఏమి జరుగుచున్నదో చెప్పునది అదియొక్కటే.

మా పొరుగింటి అబ్బాయి మూడు దినములు పలుకలేదు. హ్యూస్టనునకును మనకును ఆ ఋతువులో పదిన్నర గంటల భేదము. వారి రాత్రి మన పగలు. ఆ తల్లి పగలంతయు ఫోను ప్రక్కను కూర్చుండెను. నాలుగవనాడు ఒక చిన్న సందేశము వచ్చినది. మాట కలియని తీగెలమీదుగా సందేశము పోవునని, మాటిమాటికి ఫోను చేయుటకంటె అదియే మేలని తరువాత గాని మాకు తెలియదు. వారిది రెండవ అంతస్తు. క్రింది వాటావారు పైకి వచ్చి వారితోనే ఉండిరి. విద్యుత్తు పోకముందే కుక్కరు నిండ అన్నము వండి పెట్టుకొనిరి. "పెరుగు లేదుట అన్నయ్యగారూ, ఆవకాయతోనే తిన్నారుట" అని ఆమె చెప్పునపుడు నవ్వు, ఏడుపు కలిసియుండెను. విశ్వవిద్యాలయమువారు పిలిచిరా అని మేమడిగితిమి. సందేశములు పంపుచునే యుండిరట. కాని ఆ సందేశములు వచ్చు పట్టికలో ఇతడు తన కొత్త ఫోను నంబరును నమోదు చేసికొనలేదు. పక్కవాని ఫోనులో చదివినాడట.

తల్లిదండ్రులు కాబట్టి జూన్ మాసమునకు ముందే పిల్లలను అడుగవలసినవి కొన్ని కలవు. నీ ఫోను నంబరు విశ్వవిద్యాలయపు పట్టికలో ఉన్నదా? నీ యిల్లు ఏ మండలములో నున్నది? ఎన్నవ అంతస్తు? ఖాళీచేయుమన్నచో ఎవరి కారులో, ఏ ఊరికి పోవుదువు? తుఫాను లేని వేఱొక రాష్ట్రములో మన బంధువులు, మిత్రులు ఎవరున్నారు? వారికి నీవొక సందేశము పంపినచో వారు మాకు చెప్పగలరు. ఈ ప్రశ్నలకు సమాధానములు తెలిసిన పిల్లవాడు మూడు దినములు పలుకకున్నను తల్లి కొంత నిద్రపోగలదు.

ఇటీవల ఆమె చెల్లెలి కుమార్తె చదువునకై ఫ్లోరిడాలోని టాంపా నగరమునకు ప్రయాణమైనది. పెట్టెలు సర్దుచుండగా మమ్ము పిలిపించి, "అన్నయ్యగారూ, ఆ అక్షరాల సంగతేమిటో పిల్లకు కాస్త చెప్పండి" అని కోరినది. మేము చెప్పుచుండగనే ఆ బాలిక తన ఫోనులో వెదకి చూచినది. తాను కుదుర్చుకొన్న వాటా బి మండలములో, మూడవ అంతస్తున నున్నదట.